బంగారమ్మ సత్రం తలుపులు

ఆదివారం సాయంత్రం నాలుగుంపావు.

భోంచేసి ఓ కునుకు తీసి వాచ్‌మన్ గంగయ్య సత్రానికి తిరిగొచ్చాడు. మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి తీశాడు. తలెత్తాడు.

ద్వారబంధం ఉంది. పైకమ్మికి ఇనప కొంకి ఉంది. కొంకికి తాళం వేసే ఉంది.

తలుపులు లేవు.

ఒక రెక్క కాదు, రెండూ లేవు. ఏడడుగుల ఎత్తు. బర్మా టేకు. రెక్కకి పన్నెండు పద్మాలు, మధ్యలో హంసల బారు. నూట అరవై ఏళ్లుగా ఆ గుమ్మంలో తిరిగిన తలుపులు. ఇప్పుడు వాటి చోట ఉత్త ఎండ పడుతోంది.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో గంగయ్య ఎప్పుడూ గట్టిగా అరిచిన మనిషి కాదు. అప్పుడూ అరవలేదు. గడప మీద కూలబడి ఫోన్ తీశాడు. పోలీసులకి చేయలేదు. శశిభూషణ్ మాస్టారికి చేశాడు.

"మాస్టారండీ, తలుపులు లేవండి."



"అక్కడే ఉండు. ఏదీ ముట్టుకోకు," అన్నారు మాస్టారు.

* * *

మండపేట నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో ఉంది సోమాలపాలెం. భీమేశ్వరుడి దర్శనానికి నడిచి వెళ్లేవాళ్ల కోసం బంగారమ్మ అనే ఆవిడ అక్కడ సత్రం కట్టించింది. నడిచేవాళ్లు పోయారు. బస్సులొచ్చాయి. సత్రం మిగిలింది.

దాన్ని పడగొట్టి షాపులు కడదామని పంచాయతీ రెండుసార్లు చూసింది. రెండుసార్లూ శశిభూషణ్ మాస్టారు అడ్డుపడ్డారు. పదకొండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి ఐదేళ్ల కిందట ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడమని ప్రకటించి, గేటు దగ్గర నీలం బోర్డు పాతింది. బోర్డయితే పాతారు గానీ, కప్పు మీద ఒక్క పెంకు మార్చిన పాపాన పోలేదు. ఈ వేసవిలో, ఎట్టకేలకి, రిపేరు పనులు మొదలయ్యాయి.

ఐదూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ సత్యవాణి జీపు దిగింది. వెనకాలే హెడ్ కానిస్టేబుల్ జయపాల్.

మాస్టారు అప్పటికే అరుగు మీద ఉన్నారు. డెబ్భై ఒక్క ఏళ్లు. తెల్ల పంచె, భుజాన కండువా. ఆమెని చూడగానే లేచి నిలబడ్డారు.

"మీరు కూర్చోండి మాస్టారూ," అంది సత్యవాణి.

స్టేషన్లో అందరికీ తెలిసిన సంగతే. ఆవిడ ఈ లోకంలో తన కుర్చీలోంచి లేచేది ఇద్దరికే. ఒకరు ఎస్పీ గారు. రెండో మనిషి ఈయన. హైస్కూల్లో ఆవిడకి సోషల్ చెప్పారు. పదో తరగతి తర్వాత చదువు మానిపించేస్తామంటే ఇంటికొచ్చి గొడవపెట్టుకున్నారు. ఎస్సై పరీక్షకి ఫారం కొని తెచ్చారు.

సత్యవాణి గుమ్మం దగ్గరికి నడిచింది.

పాతకాలపు తలుపులకి బందులుండవు. పైనా కిందా చెక్క పొడుచుకొచ్చి, గుంటల్లో కూర్చుని తిరుగుతాయి. పైన లోపలివైపు ఒక కొయ్య చీల ఉంటుంది. అది లాగితేనే రెక్క పైకి లేస్తుంది. ఆ చీల ఇప్పుడు గోడ పక్కన జాగ్రత్తగా పెట్టి ఉంది. ఎక్కడా గునపం గుర్తు లేదు. ఒక్క పెచ్చు ఊడలేదు.

"తెలిసినవాడు తీశాడు," అంది సత్యవాణి.

"తాళంచెవి ఉన్నవాడు కూడానండి," అన్నాడు జయపాల్. "కొంకి కూడా వంగలేదు."

ఆమె కుడి చూపుడు వేలితో ద్వారబంధం అంచు పొడుగునా రాసి చూసింది. వేలికి నల్లటి జిడ్డు అంటింది.

"నూనె పట్టించారా?"

"శుక్రవారం పొద్దున్న," వెనకనుంచి మాస్టారే చెప్పారు. "అవిశె నూనె. స్పెసిఫికేషన్ నేనే రాసిచ్చాను. గంగయ్య పట్టించాడు."

గంగయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

సత్యవాణి చూసింది. భయం అనుకుంది.

"తాళంచెవులు ఎన్నండీ?"

"మూడు. గంగయ్య దగ్గరొకటి. కాంట్రాక్టర్ దుర్గాసాయి దగ్గరొకటి. ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఒకటి."

మాస్టారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసిచ్చారు. కంప్లైంట్. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ చేతిరాత చూసే సత్యవాణి తన చేతిరాత మార్చుకుంది ఒకప్పుడు. చదువుతూ చదువుతూ చివరి పేరా దగ్గర ఆగింది.

"గంగయ్య మీద అనుమానం అని రాశారేంటండీ?"

మాస్టారు గొంతు తగ్గించారు. "నాకు మాత్రం ఇష్టమా సత్యా? పాతచెక్క వ్యాపారి గణేష్‌బాబు వీడితో రెండుసార్లు మాట్లాడ్డం చూశాను. నిజం దగ్గర మొహమాటం పనికిరాదు. నీకు ఆ మాట చెప్పింది నేనే కదా."

అవును. ఆయనే చెప్పారు. ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

* * *

సోమవారం పది గంటలు. మండపేట.

గణేష్‌బాబు షెడ్డు నిండా పాత దూలాలు, స్తంభాలు, పడగొట్టిన ఇళ్ల కిటికీలు. మనిషి బక్కగా ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"సత్రం తలుపులు అడిగావా?"

"అడిగానండి. ఆరేళ్ల కిందట. బోర్డు పెట్టాక అడగలేదండి. గవర్నమెంటు వస్తువు నాకెందుకండీ, జైల్లో కూర్చుని ఏం అమ్ముకోను?"

"గంగయ్యతో ఏం మాట్లాడావు?"

"వాళ్లింటికి కిటికీ కావాలన్నాడండి. పాతది, చవగ్గా. అంతేనండి."

"ఆదివారం పన్నెండు నుంచి నాలుగు దాకా?"

"పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్లామండి, అందరం."

ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. ఒంటిగంటన్నర, రెండుంపావు. పిల్లల్తో సహా ఉన్నాడు. రెండు చేతులూ జోడించి మరీ ఉన్నాడు.

పన్నెండున్నరకి సత్రం వెనక సామాన్ల షెడ్డు దగ్గర కాంట్రాక్టర్ దుర్గాసాయి దొరికాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఫోన్ మోగుతూనే ఉంది, తీయడం లేదు.

"నీ తాళంచెవి?"

చూపించాడు.

"ఆదివారం?"

"రాజమండ్రిలో మా బావమరిది పెళ్లండి. వీడియోలో ఉంటాను చూడండి. బంతి దగ్గర వడ్డించింది నేనేనండి."

"పనివాళ్లు?"

"ఆదివారం సెలవండి. వాచ్‌మన్ కూడా పన్నెండుకి వెళ్లి నాలుక్కి వస్తాడండి. ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు."

అదే ఇబ్బంది. ఊరందరికీ తెలుసు.

షెడ్డులో సున్నం బస్తాలు, పెంకులు, మూలగా రెండు డబ్బాలు. జయపాల్ తన అలవాటు ప్రకారం అన్నిటికీ ఫొటోలు తీశాడు. ఆయనకో నమ్మకం ఉంది. ఫొటో తీసి వదిలేసిన వస్తువే తర్వాత కావాల్సొస్తుందని.

రోడ్డు మీద రైస్‌మిల్లు కెమెరాలో ఆదివారం రెండూ యాభైకి ఒక మినీ వ్యాన్ కనిపించింది. నిండా వరిగడ్డి. దాళ్వా వరి కోతలయిపోయిన రోజులు. రోడ్డు నిండా గడ్డి బళ్లే. నంబర్ ప్లేటు మీదికి కూడా గడ్డి వేలాడుతోంది.

"లోపల తలుపులున్నాయా, గడ్డే ఉందా దేవుడికెరుక," అన్నాడు జయపాల్.

సాయంత్రం డీఎస్పీ గారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, ఇంకా ఆలోచిస్తున్నావా? కంప్లైంట్‌లో పేరుంది. తాళంచెవి ఉంది. బుధవారం సాయంత్రానికి వాచ్‌మన్‌ని రిమాండ్‌కి పంపించు."

స్టేషన్ బెంచీ మీద గంగయ్య కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే పిలిపించారు, చీకటిపడేలోగా పంపించి రేపు మళ్లీ రమ్మంటారు. బయట వేపచెట్టు కింద అతని భార్య వీరవేణి. ఆవిడ చేతిలో క్యారియర్. దాని మూత తీయనేలేదు. గంగయ్యకి జీతమిచ్చే ఏజెన్సీ వాళ్లు ఆ మధ్యాహ్నమే మెసేజ్ పెట్టారు, డ్యూటీకి రానక్కర్లేదని.

"నిజం చెప్పు గంగయ్యా. ఎవరికిచ్చావు తాళంచెవి?"

"ఎవరికీ ఇవ్వలేదండి."

"నన్ను చూసి చెప్పు."

అతను తలెత్తాడు. "అమ్మగారూ, నా మీద మీకు అనుమానం ఉంటే ఉండనివ్వండి. మాస్టారికి మాత్రం చెప్పండి, నేను తియ్యలేదని. ఆయన కూడా నమ్మకపోతే ఇంక నాకు ఊళ్లో మొహం లేదండి."

ఆ మాస్టారే పేరు రాసిచ్చారని సత్యవాణి చెప్పలేకపోయింది. 

* * *

మంగళవారం ఒంటిగంటకి మాస్టారింటికి వెళ్లింది.

ఎండ మాడ్చేస్తోంది. కాలువలకి నీళ్లు కట్టేసి నెల దాటింది. ఆ వీధి పక్క కాలువలో మిగిలిన గుంటలో గేదెలు మెడల దాకా మునిగి ఉన్నాయి. ఆ ఎండలో మాస్టారు కండువా రెండు చేతుల మీదుగా కప్పుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నారు.

ఆయన భార్య సీతారామలక్ష్మి గారు కంచాలు పెట్టారు. "తినకుండా వెళ్లనివ్వను. నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి అయితే స్టేషన్లో అవ్వు," అన్నారు.

సత్యవాణి నవ్వి కూర్చుంది. మామిడికాయ పప్పు. ఊరమిరపకాయలు. మాస్టారు కండువా కిందనుంచి రెండు వేళ్లతో చెంచా పట్టుకుని తింటున్నారు.

"ఈయన వేషాలు చూశావా అమ్మా? నిన్నట్నుంచీ చెంచాయే. అన్నం ఇనుముతో తింటే రుచి పోతుందని నలభై ఏళ్లు నాకు పాఠం చెప్పిన మనిషి," అన్నారావిడ.

"షుగర్. వేళ్లు తిమ్మిరి," అన్నారు మాస్టారు. "గంగయ్య ఒప్పుకున్నాడా?"

"లేదండి."

"ఒప్పుకోడు. బీదవాడికి పరువే ఆస్తి. కానీ నువ్వు జాలిపడకు."

ఆమె పప్పన్నం కలుపుకుంది. కుడి చూపుడు వేలు చురుక్కుమంది. కారం అనుకుంది.

అప్పటికి అంతే.

* * *

అదే సాయంత్రం ఐదున్నర. కేస్ డైరీ రాస్తూ సత్యవాణి పెన్ను కింద పెట్టేసింది. వేలు దురద. రాసేకొద్దీ మంట. లైటు కింద పెట్టి చూసుకుంది.

వేలి కొసన నీటిపొక్కు. చుట్టూ చర్మం గోధుమరంగుకి తిరిగింది.

 ఆ పొక్కు ఆమెకి తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. వాళ్లది కోనసీమలో మోరి, మాస్టారు అప్పట్లో పనిచేసిన ఊరే. అమ్మ జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టేది. ఆ తొక్కల్లోంచి వచ్చే నూనె చేతులంతా తినేసేది. పొక్కులు, మచ్చలు, ఊడిపోయే చర్మం. అన్నం ముద్ద కలపలేక అమ్మ చెంచాతో తినేది.

చెంచాతో.

సత్యవాణి లేచి నిలబడింది. లేచినదల్లా మళ్లీ కూర్చుంది. 'ఛీ, ఏంటి ఈ ఆలోచన' అని తనని తానే కసురుకుంది. రెండు నిమిషాల తర్వాత గంగయ్యని లోపలికి పిలిచింది.

"చేతులు చూపించు."

చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి.

"శుక్రవారం తలుపులకి నువ్వు పట్టించింది అవిశె నూనె కాదు. అవునా?"

గంగయ్య మొహం పాలిపోయింది.

"జీడి నూనె," అంది ఆమె.

"అమ్మగారూ..." అన్నాడు. "సోమవారం పెద్దాఫీసర్లు వస్తారు, శుక్రవారానికల్లా నూనె పట్టించెయ్యమని మాస్టారు గట్టిగా చెప్పారండి. అవిశె నూనె డబ్బాలు రాలేదు. మోరిలో మా బావమరిది దగ్గర జీడి తొక్కల నూనె తెచ్చానండి. మా నాన్న పడవలకి అదే పట్టించేవాడు. చెద దగ్గరికి రాదండి."

"మరి నీ చేతులు?"

"ముందు ఆముదం రాసుకుని, కవర్లు చుట్టుకుంటామండి. పైపైన ఆరినట్టుంటుంది గానీ వారం దాకా దాన్ని ముట్టుకోకూడదండి. పనివాళ్లందరికీ చెప్పాను."

"మాస్టారికి?"

"చెప్పలేదండి." తల వంచేశాడు. "అవిశె నూనె తప్ప ఇంకోటి పెడితే రూల్స్ ఒప్పుకోవన్నారండి ఆయన. తిడతారని భయపడ్డాను. ఆయన ఎటూ శని ఆదివారాలు ఇటు రానన్నారు."

జయపాల్ తన ఫోన్లో ఫొటో వెతికి చూపించాడు. షెడ్డు మూల రెండు డబ్బాలు. అవిశె నూనె. సీలు తీయలేదు. దుర్గాసాయికి ఫోన్ చేస్తే శనివారం మధ్యాహ్నం దిగాయన్నాడు.

"జయపాల్ గారూ, ఊళ్లో మెడికల్ షాపులో ఒక ముక్క కనుక్కోండి. సోమవారం నుంచి చర్మం మంటకి మందు ఎవరు కొన్నారో."

అరగంటలో ఆయన తిరిగొచ్చాడు. ఆయన మొహంలోనే తెలిసింది. కాలమిన్ లోషన్, రెండు సీసాలు. తీసుకెళ్లింది సీతారామలక్ష్మి గారు. మా ఆయనకి, అని చెప్పి మరీ.

 సత్యవాణికి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. యూనిఫాంలో ఉండి ఏడవకూడదని దిగమింగుకుంది.

* * *

బుధవారం ఉదయం తొమ్మిది గంటలు. తలుపుల్లేని సత్రం.

లోపలి వసారాలో అందరూ ఉన్నారు. గణేష్‌బాబు గోడకి ఒదిగి నిలబడ్డాడు. దుర్గాసాయి ఫోన్ ఆఫ్ చేయమంటే చేశాడు. గంగయ్య, వీరవేణి ఒక స్తంభం పక్కన. మాస్టారికి కుర్చీ, ముందు చిన్న బల్ల వేశారు. ఆయన కండువా ఇవాళ కూడా చేతుల మీదే ఉంది.

జయపాల్ విస్తరాకులు పరిచాడు. వీరవేణి తెల్లారగట్ల లేచి పులిహోర చేసి తెచ్చింది. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. చేయమన్నారు, చేసింది.

"ముందు తినండి," అంది సత్యవాణి. "బంగారమ్మ గారు పెట్టిన నియమం ఉంది. ఈ సత్రంలో అడుగుపెట్టినవాడు నాలుగు ముద్దలు తిన్నాకే ఏ మాటైనా. మాస్టారు ఈ సత్రం మీద రాసిన పుస్తకంలో ఉంది, ముప్పై రెండో పేజీ."

అందరూ కూర్చున్నారు. తినడం మొదలుపెట్టారు. మాస్టారి ముందు ఆకు అలాగే ఉంది.

"నాకు వద్దమ్మా. ఉపవాసం."

"ఇవాళ తదియండి మాస్టారూ. తదియకేం ఉపవాసం?"

"కడుపులో బాగాలేదు."

"పోనీ చెంచా తెప్పించనా?"

ఆయన ఆమెకేసి చూశారు. ఆ చూపు సత్యవాణికి తెలుసు. క్లాసులో ఎవరైనా అనుకోని ప్రశ్న అడిగితే అలా చూసేవారు. అప్పుడు సంతోషపడేవారు.

"తలుపులకి శుక్రవారం పట్టించింది అవిశె నూనె కాదు మాస్టారూ. జీడి నూనె. అవిశె నూనె శనివారం గాని రాలేదు. ఇప్పటికీ సీలుతోనే ఉంది. పనివాళ్లందరికీ తెలుసు. వాచ్‌మన్‌కి తెలుసు. తెలియంది స్పెసిఫికేషన్ రాసిన మీకే."

వసారాలో పులిహోర తింటున్న చేతులు ఆగిపోయాయి.

"ఆ నూనె నేను ఒక్క వేలితో తాకాను. ఇదిగో." చూపుడు వేలు చూపించింది. "గంగయ్య చేతులు బావున్నాయి. గణేష్‌బాబు చేతులు బావున్నాయి, పులుపూ ఉప్పూ తగిలినా ఉలకలేదు. దుర్గాసాయి రెండోసారి పెట్టించుకున్నాడు. మీరు ఆ కండువా తీస్తారా, నన్ను తీయమంటారా?"

"సత్యా..."

"సత్రం కొలతల డ్రాయింగులు గీసినప్పుడు డిపార్ట్‌మెంట్ తాళంచెవి మీ దగ్గర నెల రోజులుందని ఆఫీసులో చెప్పారు. తిరిగిచ్చేశారు. నకలు చేయించుకున్న సంగతి ఎవరికీ తెలియదు. చీల ఎక్కడుందో మీకు తెలుసు. ఆదివారం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఉండరని తెలుసు. వ్యాన్‌తో వచ్చిన మనుషుల చేతులకి గ్లవుజులు తొడిగించే ఉంటారు, చెక్కడం పాడవకుండా. వాళ్ల చేతులకి ఏమీ అయ్యుండదు. మీరెందుకు తొడుక్కోలేదు మాస్టారూ?"

గంగయ్య చేతిలోని ముద్ద ఆకులో పడిపోయింది.

 మాస్టారు కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. రెండు అరచేతులూ పొక్కులు. కొన్ని చితికి తడిగా ఉన్నాయి. వేళ్ల కొసల్లో చర్మం పొరలుగా లేచిపోయింది.

"నిమిరాను," అన్నారు. "వ్యాన్ ఎక్కించేముందు. ఇరవై నాలుగు పద్మాలూ నిమిరాను. మళ్లీ చూడనని."

 "ఎందుకండీ?"

"పదకొండేళ్లు తిరిగానమ్మా. ఆఫీసుల్లో బెంచీల మీద కూర్చున్నాను. రిపేర్లు మొదలైన రోజు కొత్త శిలాఫలకం తెచ్చారు. అందులో ఆఫీసర్ల పేర్లున్నాయి. కాంట్రాక్టర్ పేరుంది. నా పేరు లేదు. అడిగితే నవ్వారు. మీరెవరండీ అన్నారు." ఆయన ఖాళీ గుమ్మం కేసి చూశారు. "బెంగుళూరు వైపు ఒకాయన సొంత మ్యూజియం కడుతున్నాడు. ఆ తలుపులకో గది. గది మీద నా పేరు. ఇక్కడుంటే చెద తింటుంది, అక్కడ నాలుగు వందల ఏళ్లుంటాయి. నేను దొంగతనం చేయలేదు సత్యా. కాపాడాను."

"చెద తినకుండా గంగయ్య కాపాడాడండి. అందుకే మీ చేతులు అలా ఉన్నాయి."

మాస్టారు తన అరచేతులకేసి చూసుకున్నారు.

"మీరు కాపాడారనే ఒప్పుకుంటాను, పోనీ. మరి కంప్లైంట్‌లో గంగయ్య పేరెందుకు రాశారు?"

"ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా." ఆ మాట అనేసి ఆయనే తల దించుకున్నారు. అన్నాక తెలిసినట్టుంది ఏమన్నారో.

అప్పుడు గంగయ్య లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. జయపాల్ అడ్డం వెళ్లబోయి ఆగాడు. గంగయ్య సరాసరి మాస్టారి దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, ఆ చేతులకేసి చూశాడు.

"నీళ్లు తగలనివ్వకండి మాస్టారండీ. ఆముదం రాయండి. తప్పు నాదేనండి, అవిశె నూనె రాలేదని మీకు చెప్పాల్సింది. భయపడ్డాను."

క్షమాపణ అడుగుతున్నాడు. తనని జైలుకి పంపబోయిన మనిషిని.

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకోబోయారు. ఆ చేతులతో కప్పుకోలేకపోయారు. అందరి ముందూ, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, అలాగే కూర్చుండిపోయారు. వీరవేణి మాత్రం మొగుడి భుజం పట్టుకుని లేపింది. "లే. నువ్వు చేసిందేంటి, అడగడానికి? లే," అంది. ఆవిడ మాస్టారికేసి చూడను కూడా చూడలేదు.

* * *

పదకొండూ నలభైకి జయపాల్ ఫోన్ చేశాడు. మాస్టారు చెప్పినట్టే, మండపేట రోడ్డులో మూతపడ్డ ఒక మిల్లు గోడౌన్లో, గడ్డి కింద దొరికాయి. రెండు రెక్కలూ బావున్నాయి. మర్నాడు లోడ్ చేయాల్సినవి. ముట్టుకోవద్దని సత్యవాణి గట్టిగా చెప్పింది. గంగయ్యని పంపింది, ఆముదం సీసాతో సహా. డీఎస్పీ గారికి ఒక్క వాక్యంలో రిపోర్ట్ చేసింది. ఆయన ఏదో అనబోయి, సరేనమ్మా అన్నారు.

స్టేషన్లో మాస్టారు బల్లకి అవతల కూర్చున్నారు. బేడీలు వేయలేదు. ఆమె కుర్చీలోంచి లేవలేదు కూడా. అది ఆయన చూశారు.

అరెస్ట్ మెమో ముందుకి జరిపింది. "సంతకం చేయండి."

ఆయన పెన్ను అందుకున్నారు. పట్టు దొరకలేదు. పెన్ను జారి కింద పడింది. మళ్లీ తీసిస్తే మళ్లీ పడింది. మూడోసారి ఆయన తీసుకోలేదు.

"వేలిముద్ర వేస్తాను," అన్నారు నేలకేసి చూస్తూ.

స్టేషన్ రైటర్ ఇంకు ప్యాడ్ తెచ్చాడు. మాస్టారు ఎడం బొటనవేలు అద్ది కాగితం మీద పెట్టారు. తీశారు.

నల్లటి మరక. గీతలు లేవు.

సత్యవాణి ఆ మరకకేసి చూసింది. ఇరవై నాలుగేళ్ల కిందట అచ్చం ఇలాంటి మరకే చూసింది, పొదుపు సంఘం పుస్తకంలో. జీడి నూనెకి అమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఈ ముద్ర చెల్లదు పొమ్మన్నారు బ్యాంకులో. అమ్మ ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం మాస్టారు సైకిలు మీద వచ్చారు. ఆ పొక్కుల చేతికి మెత్తటి గుడ్డ చుట్టి, గుడ్డలో పలక బలపం దోపి, పదిహేను రోజులు, రోజూ వచ్చి, అమ్మకి సంతకం నేర్పారు.

ఆమె టేబుల్ సొరుగు లాగింది. చేతిరుమాలు తీసింది. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కుడిచేతి వేళ్లకి వదులుగా చుట్టింది. ఆ గుడ్డలోకి పెన్ను దోపింది.

మాస్టారికి గుర్తొచ్చింది. మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

"నెమ్మదిగా రాయండి మాస్టారూ," అంది. "ఒక్కొక్క అక్షరం. తొందరేం లేదు."